మా వీధి రోడ్డు వంతు ఎప్పుడొస్తుంది? ఆ వరుస ఎలా తేలుతుందంటే

మీ ప్రశ్న మళ్ళీ ఒకసారి: తిరుపతిలో ఒక కాలనీలో ఉంటున్నారు. మీ వీధి మూడేళ్ళుగా గుంతలమయం. రెండు వీధుల అవతల, చూడ్డానికి బాగానే ఉన్న తారు రోడ్డు మీద మొన్న మళ్ళీ తారు వేశారు. ఏ రోడ్డు ముందు, ఏ రోడ్డు వెనక అన్నది ఎవరు తేలుస్తారు, దేన్ని చూసి తేలుస్తారు, అంతా కౌన్సిలర్ల పలుకుబడేనా అని అడిగారు.

నేను మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) రిటైరయ్యాను. పని చేసినవి చాలావరకు ఈ చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళే. కింద చెప్పే నా అనుభవాల్లో ఊరి పేర్లు రాయను. అవి ఇప్పటికీ కొలువులో ఉన్నవాళ్ళ మెడకు చుట్టుకోవడం నాకిష్టం లేదు. తిరుపతి గురించి రాసేవి మాత్రం ఇక్కడ కాపురముంటున్న ఎవరికైనా కనిపించేవే.

సూటిగా చెప్పేస్తాను. ఎక్కువ పాడైన రోడ్డే ముందు వెయ్యాలన్న నియమం లేదు, ఉండకూడదు కూడా. ఒక వీధి లిస్టులోకి ఎక్కేముందు మేం చూసేవి నాలుగు. ఆ రోడ్డు మాదేనా? కింద పైపుల పని ఏమైనా మిగిలి ఉందా? వాన నీళ్ళు పోయే దారి ఉందా? ఏ పద్దులో డబ్బుంది? వీటికి జవాబు దొరికాకే గుంతలు లెక్కపెడతాం. పలుకుబడి లేదా అంటే ఉంది. కానీ మీరు అనుకుంటున్న చోట కాదు, వేరే చోట ఉంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు మీకు ఎక్కువ కడుపు మండించిన విషయం, ఆ బాగున్న రోడ్డు మీద తారు.

100 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు వీధి ఒకటి తీసుకోండి. పైన సన్నటి పగుళ్ళు, అక్కడక్కడా కంకర లేస్తోంది, కానీ కింద పునాది గట్టిగా ఉంది. దానిమీద 30 మిల్లీమీటర్ల తారు పొర వేస్తే పట్టేది 15 ఘనపు మీటర్ల మాలు. మూడు టిప్పర్లు వస్తే మధ్యాహ్నానికి పని అయిపోతుంది. అదే వీధిని ఇంకో మూడు నాలుగు వానాకాలాలు వదిలేశామనుకోండి. పగుళ్ళలో నీళ్ళు దిగి కింద పునాది కంకర కదిలిపోతుంది. అప్పుడు పైన తారు పోసి లాభం లేదు. తవ్వి తీసి, 15 సెంటీమీటర్ల గ్రావెల్, దానిమీద ఇంకో 15 సెంటీమీటర్ల వెట్ మిక్స్ (నీళ్ళతో కలిపిన కంకర) పరవాలి. ఒక్క పునాదికే 150 ఘనపు మీటర్లు. ఇరవైకి పైగా టిప్పర్లు, పది రోజుల పని, ఆ తర్వాత తారు పొరలు. అంటే ఒక చచ్చిన రోడ్డును లేపే డబ్బుతో చావబోయే రోడ్లు నాలుగైదు కాపాడొచ్చు.

ఇంకో సంగతి, రోడ్డు పాడవడం సైకిల్ టైరు అరిగినట్టు సమంగా ఉండదు. మొదటి ఆరేడేళ్ళు పెద్దగా తేడా కనిపించదు. ఆ తర్వాత ఒక్క గట్టి వానాకాలానికి చేతికి రాకుండా పోతుంది. ఆ మలుపుకు కొంచెం ముందు పట్టుకోవడమే మా పనిలో అసలు కిటుకు. మీరు చూసిన ఆ వీధి అలా మలుపు దగ్గర ఉన్న రోడ్డే కావచ్చు. మీ రోడ్డు ఆ మలుపు దాటిపోయింది. చెప్పడానికి బాధగానే ఉంది కానీ, పాడైపోయిన రోడ్డు ఇంకో ఏడాది ఆగితే దాని ఖర్చు పెద్దగా పెరగదు. బాగున్న రోడ్డు ఆగితే నాలుగైదింతలవుతుంది.

నేను కొత్తగా డీఈఈ అయినప్పుడు ఈ లెక్క నాకు పట్టలేదు. ఒక ఊళ్ళో కమిషనర్‌గారు, నేను కలిసి న్యాయంగా చేద్దామని కూర్చుని అధ్వానమైనవి పన్నెండు వీధులు ఏరాం. రెండేళ్ళ డబ్బు వాటికే పోయింది. జనం సంతోషించారు, పేపర్లో ఫోటోలు కూడా వచ్చాయి. ఆ రెండేళ్ళలో మేం పట్టించుకోని మెయిన్ రోడ్లు మూడు, అంటే బస్సులు తిరిగేవి, పొలుసు పొలుసుగా లేచిపోయాయి. మూడో ఏడాది వాటికి పునాది నుంచి ఎస్టిమేట్ వెయ్యాల్సి వచ్చింది, ఆ డబ్బు మా దగ్గర లేదు. ఆ మూడు రోడ్ల మీద ఐదేళ్ళు ప్యాచ్ వర్క్‌తోనే కాలక్షేపం చేశాం. న్యాయం చేశామనుకుని ఊరికి అన్యాయం చేసిన లెక్క.

రోడ్డు స్థితిని కొలవడానికి పద్ధతి లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ 82వ నంబరు కోడ్ తారు రోడ్ల నిర్వహణ గురించే. పగుళ్ళు ఎంత శాతం, గుంతలు ఎంత శాతం, చక్రాల జాడలో ఎన్ని మిల్లీమీటర్లు కుంగింది, ఇలా చూసి రోడ్డుకు మార్కులు వేస్తారు. పెద్ద నగరాల్లో లేజర్లు, కెమెరాలు ఉన్న బండి తిప్పుతారు. మా ఊళ్ళలో ఏఈ, వర్క్ ఇన్‌స్పెక్టర్ మోటార్ సైకిల్ మీద ఒక నోటుబుక్కుతో తిరుగుతారు. నవ్వకండి, సరైన రోజున తిరిగితే అది చాలు. సరైన రోజంటే వాన పడిన మర్నాడు. ఎండ రోజు ఎన్ని గుంతలున్నాయో తెలుస్తుంది. వాన మర్నాడు ఎందుకున్నాయో తెలుస్తుంది.

రోడ్డును చంపేది లారీ కంటే ముందు నీళ్ళు. తారుకు, కంకరకు ఉన్న పట్టును నీళ్ళు విడదీస్తాయి. ఒకచోట రెండు రోజులు నీళ్ళు నిలబడి, దాని మీద చక్రాలు తిరిగితే గుంత పుట్టినట్టే. అందుకే కాలువ లేని వీధికి రోడ్డు ఎస్టిమేట్ తెచ్చిన ఏఈని నేను వెనక్కి పంపేవాణ్ణి. నాకు ఈ పాఠం చెప్పింది మా గ్యాంగ్ మేస్త్రి ఒకాయన, సంతకం తప్ప చదువు లేదు. "సార్, ముందు నీళ్ళకి దావ ఇడిసిపెట్టండి. లేకుంటే అది మీరేసిన రోడ్డునే దావ జేసుకుంటాది" అన్నాడు. నేను వినలేదు. ఆ ఏడు నవంబరులోనే జేసుకుంది.

తిరుపతిలో ఈ సమస్య మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి నది. కొండ మీద పడిన వాన కపిలతీర్థం వైపు నుంచి దూకి, ఊరి మధ్యలోంచి ఏటికి చేరాలి. మధ్యలో రైలు కట్ట తూర్పు పడమరలుగా అడ్డం. ఆ కట్ట కింద ఉన్న కొద్ది దారుల్లోంచే నీళ్ళూ పోవాలి, మనుషులూ పోవాలి. వెస్ట్ చర్చి దగ్గర అండర్ బ్రిడ్జి గట్టి వాన పడితే ఎలా నిండుతుందో ఊరందరికీ తెలుసు. ఇక పేర్లు చూడండి: తాతయ్యగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట. పేరులోనే గుంట పెట్టుకుని, అక్కడ నీళ్ళెందుకు నిలబడుతున్నాయని మనం ఆశ్చర్యపోతాం. 2021 నవంబరు వానలకు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా, ఆ నీళ్ళు కొత్త దారేం వెతుక్కోలేదు, పాత దారికే వచ్చాయి. అలాంటి చోట రోడ్డు వెయ్యాలంటే ఆ ఒక్క వీధిని చూస్తే సరిపోదు. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఏ కల్వర్టు దగ్గర ఆగుతున్నాయి, కింది కాలువ ఎంత పూడింది అని అర కిలోమీటరు నడవాలి. కింది కాలువ బాగుపడేదాకా పై వీధి ఆగాల్సిందే. మీ వీధి ఆగడానికి కారణం ఒక్కోసారి మీ వీధిలో ఉండదు.

సిమెంటు రోడ్డు వేసేస్తే నీళ్ళ బాధ ఉండదు కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, నీళ్ళు నిలిచే లోపలి వీధులకు సీసీ రోడ్డే మేలు, మేమూ అదే వేస్తాం. చిక్కంతా లెవెల్స్‌తో. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో 15 సెంటీమీటర్లు పోస్తే కాంట్రాక్టరుకు సుఖం, మాకు కొలతలు సుఖం. ఇంటివాళ్ళకే నరకం. ఒక వీధిలో ఇరవై ఏళ్ళలో మూడుసార్లు అలా పోశారు, అందులో చివరిది నా సంతకంతోనే. ఒక ముసలావిడ నన్ను ఇంట్లోకి పిలిచి గడప చూపించింది. "మీరు రోడ్డు ఏస్తా ఏస్తా మా ఇంటిని బాయిలోకి దించేసినారు గదయ్యా" అంది. వానొస్తే రోడ్డు మీది నీళ్ళు నేరుగా ఆమె వంటింట్లోకి. ఆ తర్వాత నేను గడప లెవెల్ రాయని ఎస్టిమేట్ మీద సంతకం పెట్టలేదు. మీ వీధికి సీసీ రోడ్డు మంజూరైతే మొదట అడగాల్సింది ఇదే: పాతది తవ్వి వేస్తారా, పైనే పోస్తారా?

ఇక పైపులు. మీ వీధి మూడేళ్ళుగా ఆగి ఉందంటే నేను పందెం కాసేది దీని మీదే.

ఒక వీధి కింద ఏమేం ఉంటాయో చూడండి. తాగునీటి పైపు, భూగర్భ డ్రైనేజీ, కొన్నిచోట్ల కరెంటు కేబుల్, టెలిఫోన్ ఫైబర్, ఇప్పుడు కొత్తగా వంట గ్యాసు లైను. ఒక్కోటి ఒక్కో శాఖది లేదా కంపెనీది. ఒక్కోదానికి ఒక్కో మంజూరు, ఒక్కో టెండరు, ఒక్కో కాంట్రాక్టరు. డ్రైనేజీ లైను పని మంజూరై ఇంకా మొదలుకాని వీధిలో రోడ్డు వేస్తే ఆడిట్ వాళ్ళు మా మెడ మీద కూర్చుంటారు. వెయ్యకపోతే మీరు కూర్చుంటారు. అందుకని అలాంటి వీధులను పక్కన పెట్టేస్తాం. తప్పు అక్కడ కాదు. పక్కన పెట్టామని ఆ వీధివాళ్ళకు చెప్పకపోవడంలో ఉంది. ఒక బోర్డు పెట్టి "ఈ వీధిలో ఫలానా లైను పని అయ్యాక రోడ్డు వేస్తాం" అని రాస్తే సగం కోపం తగ్గుతుంది. నా సర్వీసులో అలా బోర్డు పెట్టించింది రెండే సార్లు. ఒకసారి ఆ బోర్డు రేకు ఎవరో కోళ్ళ గూటికి పట్టుకుపోయారు.

రోడ్డు తవ్వుకునే కంపెనీ మున్సిపాలిటీకి రెస్టోరేషన్ ఛార్జీలు కడుతుంది. ఆ డబ్బుతో తవ్విన మేర పూడ్చి, కుదించి, మళ్ళీ రోడ్డు వెయ్యాలి. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. జరిగేదేమిటంటే, తవ్విన మట్టినే వెనక్కి తోసి, నీళ్ళు పెట్టకుండా, రోలర్ తిప్పకుండా పైన కొంచెం కంకర చల్లి పోతారు. తొలి వానకే ఆ గాడి జానెడు దిగుతుంది. మీ వీధిలో గుంతలు విడివిడిగా కాకుండా ఒకే గీతలో పొడుగ్గా ఉంటే అది పైపు గాడి. అది రోడ్డు రోగం కాదు, పూడ్పు రోగం. అక్కడ ఎంత ప్యాచ్ వేసినా కుంగుతుంది. గాడిని మళ్ళీ తవ్వి పొరలు పొరలుగా నింపాల్సిందే.

నా చేతి మీదుగా జరిగిన అవమానం ఒకటి చెప్తాను. ఒక కాలనీలో పట్టుబట్టి మంచి సీసీ రోడ్డు వేయించాను. పద్నాలుగు రోజులూ గోనెసంచులు పరిచి నీళ్ళు కట్టించాం. ఎమ్మెల్యేగారు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. నలభై రోజులకు అటు పోతే వీధి పొడవునా పదమూడు చోట్ల అడ్డంగా కోసిన గాళ్ళు. ఇళ్ళవాళ్ళు కొళాయి కనెక్షన్లు తీసుకున్నారు. కనెక్షన్లు మంజూరు చేసింది మా ఆఫీసే, మా పక్క టేబులే. రోడ్డుకు ముందే ప్రతి ఇంటికీ కనెక్షన్ పైపు బయటిదాకా తెచ్చి మూత పెట్టి ఉంచాలని మాకెవరికీ తట్టలేదు. కాబట్టి మీరూ ఇది గుర్తుంచుకోండి: రోడ్డు మంజూరైందని తెలిసిన రోజే వీధిలో అందరూ నీళ్ళ కనెక్షన్, డ్రైనేజీ కనెక్షన్ దరఖాస్తులు పెట్టేయాలి. ఖాళీ స్థలాల యజమానులు కూడా. తర్వాత కోసేది వాళ్ళే.

రోడ్డు ఎవరిదన్న సంగతి త్వరగా చెప్పేస్తాను. ఊళ్ళో ఉన్న ప్రతి రోడ్డూ నగరపాలక సంస్థది కాదు. జాతీయ రహదారి వాళ్ళవి కొన్ని, రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బి) వాళ్ళవి కొన్ని, తిరుపతిలో అయితే టీటీడీ చూసుకునేవి కూడా ఉన్నాయి. నగరం హద్దు దాటగానే పంచాయతీ, అక్కడ లేఅవుట్ అనుమతులు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చేతిలో. ఒకే రోడ్డులో సగం ఒకరిది, సగం ఇంకొకరిది అయినప్పుడు ఆ కలిసే చోట గుంత శాశ్వతం. అనుమతి లేని లేఅవుట్ అయితే ఇంకో చిక్కు. రోడ్ల స్థలాన్ని లేఅవుట్ వేసినాయన గిఫ్ట్ డీడ్ రాసి అప్పగించలేదంటే కాగితం ప్రకారం అది ఇంకా ఆయన సొంత భూమే. దాని మీద ప్రజల డబ్బు పెట్టడానికి ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు. మీ కాలనీ అలాంటిదేమో ముందు కనుక్కోండి. అలాంటిదైతే రోడ్డు కోసం తిరగడం దండగ, ముందు ఆ కాగితం కోసం తిరగాలి.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. "మేం ఇంటి పన్ను కడుతున్నాం కదా, ఏమైపోతోంది" అని అందరూ అడిగేదే.

ఇంటి పన్ను, నీటి పన్ను, ప్లాన్ అనుమతుల ఫీజులు, షాపుల అద్దెలు ఇవన్నీ సాధారణ నిధిలోకి వస్తాయి. అందులోంచి జీతాలు, పారిశుద్ధ్య కార్మికులు, కరెంటు బిల్లులు, మోటార్ల రిపేర్లు పోగా మిగిలినదే రోడ్లకు. చిన్న మున్సిపాలిటీల్లో ఆ మిగులు ప్యాచ్ వర్క్‌కే చాలదు. కొత్త రోడ్లన్నీ గ్రాంటుల మీదే. ప్రతి గ్రాంటుకూ ఒక ముకుతాడు ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం డబ్బే చూడండి. 2021 నుంచి 2026 దాకా పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చినదాంట్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలన్నది షరతు, మిగతా 40 శాతమే ఊరి అవసరాలకు. స్మార్ట్ సిటీ పథకం కింద తిరుపతికి వచ్చిన డబ్బు ఆ పథకంలో రాసుకున్న పనులకే. సబ్ ప్లాన్ (ఉప ప్రణాళిక) డబ్బు ఎస్సీ, ఎస్టీ కాలనీలకే పెట్టాలి, ఇంకోచోట పెట్టకూడదు. కాబట్టి ఖజానాలో కోట్లు ఉండి కూడా మీ వీధికి రూపాయి లేకపోవడం అబద్ధం కానక్కర్లేదు. ఆఫీసులో "ఫండ్స్ లేవు" అంటే ఊరుకోకండి. "ఏ పద్దులో లేవు సార్, ఈ వీధి ఏ పద్దు కింద వస్తుంది" అని అడగండి. ఆ ప్రశ్న అడిగినవాడికి కుర్చీ వేస్తారు.

పని దారి ఇలా నడుస్తుంది. ఏఈ ఎస్టిమేట్ రాస్తాడు, ధరలు ఏటా వచ్చే ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం. విలువను బట్టి డీఈఈయో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరో పైవాళ్ళో సాంకేతిక మంజూరు ఇస్తారు. కౌన్సిల్ ఉంటే అజెండాలో పెట్టి తీర్మానం, లేకపోతే ప్రత్యేకాధికారి ఆమోదం. తర్వాత ఆన్‌లైన్ టెండరు, అగ్రిమెంటు, పని, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకం) నమోదు, నాణ్యత తనిఖీ, బిల్లు. అంతా సాఫీగా నడిస్తే నాలుగైదు నెలలు. సాఫీగా నడవనిది ఎక్కడంటే టెండరు దగ్గర. పాత బిల్లులు పేరుకుపోయి ఉంటే కాంట్రాక్టర్లు రారు. ఒక ఊళ్ళో ఒకే పనికి నాలుగుసార్లు టెండరు పిలిచాం, ఒక్కరూ వెయ్యలేదు. జనం మాత్రం ఇంజినీర్లు నిద్రపోతున్నారన్నారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది, ఎస్టిమేట్ కంటే పాతిక శాతం తక్కువకు టెండరు వేసేవాడు. అప్పుడు అందరూ డబ్బు మిగిలిందని సంబరపడతారు. నాకు మాత్రం టెన్షన్ మొదలయ్యేది. ఆ పాతిక శాతం సిమెంటులోంచి వస్తుందా, మందంలోంచి వస్తుందా అని.

కాలం కూడా చూడాలి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలకు. తడి మీద తారు పట్టదు. మిక్సు ప్లాంటులో 150 డిగ్రీల పైన వేడితో బయల్దేరుతుంది, 90, 100 డిగ్రీలకు పడిపోయేలోపు రోలర్ పని ముగించాలి. తర్వాత ఎన్నిసార్లు తిప్పినా గట్టిపడదు. అందుకని జనవరి నుంచి మే దాకా అసలు పనుల కాలం. వానలొచ్చేలోపు కాలువలు తీయాలి. తిరుపతికి ఇంకో పంచాంగం కూడా ఉంది. మేలో గంగమ్మ జాతర, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో బ్రహ్మోత్సవాలు. వాటికి ముందు యాత్రికులు తిరిగే రోడ్లు, రైల్వే స్టేషన్, బస్టాండు, అలిపిరి దారులు సరిచేయక తప్పదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల దారులు ఎలాగూ మొదటి వరుసలోనే ఉండాలి. ఆ నెలల్లో కాలనీ వీధుల ఫైళ్ళు కిందికి జారతాయి. కొండకు వచ్చే జనం వల్లే ఈ ఊరికి ఇంత బతుకు, దాన్ని తప్పు పట్టలేం. కానీ బ్రహ్మోత్సవాల ముందు రాత్రికి రాత్రి వానలో వేసిన ప్యాచ్ దీపావళి దాకా కూడా ఉండదు.

ఇప్పుడు పలుకుబడి సంగతి. నగరపాలక సంస్థలో కౌన్సిలర్ అనరు, కార్పొరేటర్ అంటారు. అది అలా ఉంచండి. ఫలానా నాయకుడి ఇంటి ముందు రోడ్డు వేశారన్న కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, కొన్ని నిజమే. నేనూ ఒకటి రెండు అలాంటివి వేశాను, వెయ్యలేదంటే అబద్ధమవుతుంది. కానీ వాటివల్ల ఊరికి జరిగే నష్టం తక్కువ. అసలు నష్టం సమానంగా పంచడంలో ఉంది. నేను చేసిన ఒక మున్సిపాలిటీలో 36 వార్డులు. ఏటా వచ్చిన డబ్బును గొడవ లేకుండా ముప్పై ఆరు ముక్కలు చేసేవారు. ఒక్కో వార్డుకు వచ్చినదాంతో ఎనభై మీటర్ల రోడ్డు, రెండు స్లాబులు, ఒక బోరు రిపేరు. ఎక్కడా ఒక వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తయ్యేది కాదు. ఏ కాలువా ఏటిదాకా చేరేది కాదు, ఎందుకంటే కాలువ నాలుగు వార్డుల్లోంచి పోతుంది, నలుగురి వాటాలు ఒకే ఏడాది దానికి పడవు. అందరికీ న్యాయం జరిగినట్టే ఉండేది, ఊళ్ళో ఒక్క సమస్యా తీరేది కాదు. ఒక్క ఏడాది మాత్రం ఒక చైర్‌పర్సన్‌గారు గట్టిగా నిలబడి, ఆ ఏడాది డబ్బు మొత్తం ఒకే పెద్ద కాలువకు పెట్టించారు. సమావేశంలో కుర్చీలు లేచాయి. ఆ తర్వాత ఆ దిగువ వార్డుల్లో రోడ్లు పదేళ్ళు నిలబడ్డాయి.

మీ వీధికి మీరేం చేయగలరో చెప్తాను.

"రోడ్డు వేయండి" అని అర్జీ రాయకండి. అలాంటివి వారానికి యాభై వస్తాయి. వీధి పొడవు, వెడల్పు టేపుతో కొలిచి రాయండి. ఇళ్ళెన్ని, స్కూలుగానీ ఆసుపత్రిగానీ ఉందా, వాన పడితే నీళ్ళు ఏ మూల నుంచి వచ్చి ఏ మూలన ఎంతసేపు నిలబడతాయో రాయండి. వాన మర్నాడు తీసిన ఫోటోలు నాలుగు చాలు. వార్డు సచివాలయంలో వీధి సదుపాయాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు, ఆయన్ను ఒకసారి వీధిలో నడిపించండి. తర్వాత సోమవారం అర్జీలు తీసుకునే చోట నంబరు వేయించుకోండి. సమయం కూడా ముఖ్యం. బడ్జెట్ జనవరి, ఫిబ్రవరిలో తయారవుతుంది కాబట్టి మీ కాగితం నవంబరు, డిసెంబరులోనే ఏఈ టేబుల్ మీద ఉండాలి. మార్చిలో ఇచ్చిన అర్జీ వచ్చే ఏడాదికే.

వీధికి గతంలో రోడ్డు వేసి ఎంతకాలమైందో చూడండి. అగ్రిమెంటులో లోపాల బాధ్యత కాలం రాసి ఉంటుంది, సాధారణంగా రెండేళ్ళు. ఆ లోపల పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి, అతని డిపాజిట్ ఆఫీసులోనే ఉంటుంది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఎస్టిమేట్, ఎం-బుక్ పేజీల నకళ్ళు అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఎం-బుక్‌లో మందం 15 సెంటీమీటర్లని ఉండి, మీ వీధిలో విరిగిన అంచు దగ్గర స్కేలు పెడితే 9 వచ్చిందనుకోండి, ఇక మీరు మాట్లాడక్కర్లేదు, ఆ ఫోటోయే మాట్లాడుతుంది.

పైపుల పని మిగిలి ఉండి రోడ్డు ఇప్పట్లో రాదని తేలితే, మధ్యలో గ్రావెల్ వేసి, నీళ్ళు చల్లి రోలర్ తిప్పించమని అడగండి. అది చిన్న పని, సాధారణ నిధిలోంచి అవుతుంది, ఏ ఆడిటూ అడ్డు చెప్పదు. చాలామంది దాన్ని చిన్నచూపు చూసి "వేస్తే సిమెంటు రోడ్డే వేయండి" అంటారు. రెండేళ్ళు గుంతల్లో పడి నడుము విరగ్గొట్టుకునేకంటే అదే నయం. వేసవిలో నీళ్ళ ట్యాంకర్లు మీ వీధిలోంచి తిరుగుతుంటే ఆ సంగతీ రాయండి. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే దెబ్బ పదహారు రెట్లు దాకా పోతుంది. రోజుకు నాలుగు ట్యాంకర్లు తిరిగే కాలనీ వీధికి మామూలు వీధి మందం సరిపోదు, ఎస్టిమేట్ వేసేటప్పుడే ఏఈకి ఆ విషయం తెలియాలి.

చివరగా, రోడ్డు వేసే రోజు. ఇంటి ముందు బండ్లు ముందురోజు రాత్రే తీసేయండి, ఒక్క కారు అడ్డం ఉంటే దాని చుట్టూ పోసి వెళ్ళిపోతారు, ఆ ముక్క మళ్ళీ ఎవరూ వెయ్యరు. కాలువ మీద మీరు కట్టుకున్న ర్యాంపులు రోడ్డు మీదికి చొచ్చుకొచ్చి ఉంటే కొట్టేయనివ్వండి. నీళ్ళు కాలువలోకి దిగడానికి అడ్డం అవే. తారు రోడ్డయితే పొయ్యకముందు కింద దుమ్ము ఊడ్చి పల్చటి తారు చల్లారో లేదో చూడండి. సీసీ అయితే మధ్యలో ఎత్తు, రెండంచులా వాలు ఉందో లేదో కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే చూడండి. వాలు లేకపోతే అప్పుడే చెప్పండి, ఆ పూటే సరిచేయొచ్చు. పోసిన మర్నాటి నుంచి నీళ్ళు కట్టడం కాంట్రాక్టరు పనే కానీ, నా అనుభవంలో మూడో రోజుకు మనిషి కనిపించడు. మీ మోటారు, మీ పైపుతో ఇంటి ముందు భాగం వరకైనా రెండు వారాలు తడపండి.